వెలుగుతో పుట్టే చలికి నేను విసిరిన సవాలు

వందమంది ఎదుట నా పరువును నేనే పాతిపెట్టుకున్న వైనం ఇది. నవ్వండి, నొచ్చుకోను.

ఆ రోజుల్లో మదనపల్లె చుట్టుపక్కల బూడిద రాల్చే స్వాములకు నేనంటే వణుకు. కనీసం నేనలా అనుకునేవాణ్ణి. ఎవరు వింత చెప్పినా లేచి రుజువు అడగడం నాకు తుమ్మంత సహజం.

పుంగనూరు సైన్సు సభకు నేను ముఖ్య అతిథిని. బస్సు ఆలస్యమై సగంలో చేరాను. కుప్పంలో ఎమ్మెస్సీ చదివిన రేచల్ మాట్లాడుతోంది. ఆమెకు బెంగళూరులో పరిశోధనకు సీటు వచ్చిందనీ, మార్కెట్‌ యార్డులో టమోటాలు ఏరి చదివించిన తల్లి మార్తమ్మ, పంపాలా వద్దా అన్నది ముఖ్య అతిథి మాట విని తేల్చుకుందామని వచ్చిందనీ నాకు తర్వాత తెలిసింది.

లేజరు వెలుగుతో అణువులను చల్లబరుస్తారట. ఊహకందని చలిలో అవన్నీ కలిసి ఒకే అలలా ప్రవర్తిస్తాయట. ఆ అణువుల మబ్బును కలియదిప్పితే సుళ్లు పుడతాయట. సాలిటాన్లనే అలలైతే చెదరకుండా సాగిపోతాయట.

వెలుగుతో చలి! అన్నీ ఒక్కటైపోవడం! అచ్చం స్వాముల భాష. లేచాను.

"ఎండలో పెట్టిన టమోటా చల్లబడిందంటే నమ్ముతావా అమ్మా?"

సభ నవ్వింది. నేను గాలి కొట్టిన ట్యూబులా ఉబ్బాను. ఎదురొచ్చే వెలుగు, అణువు వేగాన్ని తగ్గిస్తుందనీ, వేగం తగ్గడమే చల్లబడటమనీ ఆ పిల్ల ఓపికగా చెప్పింది. నేను వింటేగా? ఇది సైన్సు ముసుగేసుకున్న మూఢనమ్మకమని పది నిమిషాలు ఉరిమాను.

ముందు వరుసలోంచి మార్తమ్మ లేచింది.

"అప్పా, దీన్ని గురించి నువ్వు సదివినావా?"

"చదవక్కర్లేదమ్మా. నా అనుభవం చెబుతోంది."

"మా వీధికొచ్చిన స్వామి గూడా ఇదే మాట అన్న్యాడు. ఆయప్పను నువ్వే తరిమినావు. మా పాప ఫోటో సూపిస్తాండాది. నువ్వేం సూపిస్తావు?"

తెర మీద గుండ్రటి మబ్బు, దాని నిండా జల్లెడ చిల్లుల్లా వరుసగా సుళ్లు. నా దగ్గర చూపించడానికి ముఖం తప్ప ఏమీ లేదు, అదీ ఎర్రబడింది. మైకు తీసుకుని రేచల్‌కు క్షమాపణ చెప్పాను.

మార్తమ్మ కూతురితో అంది: "ఈయప్ప ఇంతసేపు అరిసినా నువ్వు గొంతు పెంచలేదు. బెంగళూరికి పోదువు లే."

రేచల్ ఇప్పుడు అలాంటి సుళ్లను తానే పుట్టిస్తోంది.

కనుక సమస్త అణువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చదవని విషయం మీద ఇకపై ఏ సభలోనూ లేవను. లేవక తప్పకపోతే, ముందు వరుసలో తల్లులెవరూ లేరని రూఢి చేసుకునే లేస్తాను.