మోటార్ల మేస్త్రి చేతిరాత

2025 వేసవి. గురజాలలో ఒక చిన్న గ్రంథాలయానికి నేను లైబ్రేరియన్‌ని. ఒక మధ్యాహ్నం షాహీన్ అనే అమ్మాయి వచ్చి, గుడ్డసంచిలోంచి లావుపాటి నోట్‌బుక్కు తీసి నా బల్ల మీద పెట్టింది. గ్రీజు మరకలు, ముట్టుకుంటే విరిగే కాయితాలు.

బస్టాండు వెనక వాళ్లకి వైండింగ్ షాపు ఉంది. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారులో పాత రాగితీగ తీసేసి కొత్తది చుట్టడం. తండ్రి ఖాసిం మేస్త్రి పోయాక ఆ షాపు తనే నడుపుతోంది.

"మా అబ్బా రాసిందక్కా. ఏ మోటారుకి ఏం చెయ్యాలో అంతా ఇందులో ఉంది. తిప్పినప్పుడల్లా ఒక ముక్క ఊడిపోతంది. ఇది పోతే నాకు చెప్పేవాళ్లు లేరు."

"జిరాక్సు తీయించలేదా?"

"తీయించా. మరకలున్నకాడ అంతా నలుపే వచ్చింది."

అంతకు కొద్దిరోజుల ముందే నేను ఫోన్లో ఏఐతో ఓసీఆర్ చెయ్యడం నేర్చుకున్నాను. ఓసీఆర్ అంటే ఫోటోలో ఉన్న రాతని గుర్తుపట్టి టైపు అక్షరాలుగా మార్చడం. మా పాత రిజిస్టర్ల మీద రెండుసార్లు ప్రయత్నించాను, అంతే. షాహీన్‌ని అడిగి, ఒప్పుకున్నాకే ఫోటోలు మొదలుపెట్టాను. మోటార్లు బాగుచేయించుకున్న రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పేజీలు మాత్రం తీయలేదు. మన దగ్గరికొచ్చిన మనిషి వివరాలు బయటికి పోనివ్వకూడదన్నది ఈ ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్న సంగతి.

నాలుగు రోజుల్లో నూటపాతిక పేజీలు టైపయ్యాయి. ఒక్క తప్పక్షరం కనపడలేదు. ప్రింటు తీసి చూసుకుని మురిసిపోయాను. అయినా అలవాటు కొద్దీ షాహీన్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, "నేను ప్రింటు చదువుతా, నువ్వు నోట్‌బుక్కు చూడు" అన్నాను.

మొదటి పేజీలోనే ఆపింది. "అబ్బా 'చానా' అని రాశాడక్కా. నువ్వు 'చాలా' అంటన్నావు."

ప్రింటులో 'చాలా' అనే ఉంది. యంత్రం ఆయన మాటల్ని దిద్దేసింది. సరేలే అనుకుని ముందుకి పోయాను. పదకొండో పేజీలో ఇలా చదివాను: "ఫ్యూజులు మూడూ పెట్టి, అప్పుడు మోటారు మీద చెయ్యి వెయ్యి."

షాహీన్ ఉలిక్కిపడింది. "ఏందక్కా అది! పెట్టి కాదు, పీకి. ఫ్యూజులు పీకాలి. పెట్టి చెయ్యేస్తే మనిషి పోతాడు."

నోట్‌బుక్కు తీసుకుని చూశాను. ఆ మాట మీద నూనె మరక. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే 'పీకి' అన్నది స్పష్టంగా కనపడింది. మరక కింద ఏముందో తెలియక యంత్రం తనకి తోచింది రాసింది. ఆ ప్రింటుని నేను అట్టవేసి షెల్ఫులో పెట్టి ఉంటే?

మళ్లీ మొదటినుంచి చేశాం. ఈసారి దానికి గట్టిగా చెప్పాను: ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యి, భాష దిద్దొద్దు, చదవలేనిచోట చుక్కలు పెట్టు. అయినా నమ్మలేదు. రోజూ షాహీన్ షాపు మూసి భోజనానికి వెళ్లే ముందు గంటసేపు కూర్చుని ప్రతి వాక్యం పోల్చుకున్నాం. ఇరవై రోజులు పట్టింది. చివరికి ఏడు చోట్ల చుక్కలు మిగిలాయి.

ఒకచోట ఇలా ఉంది: "బేరింగు అరుస్తందో లేదో తెలియాలంటే ...... ఒక కొస మోటారుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకో."

"అది స్క్రూడ్రైవరే అక్కా. అందరం దాంతోనే వింటాం. రాసెయ్," అంది షాహీన్. మొదటిసారి యంత్రం కూడా అదే రాసింది.

"మీ నాన్న అదే రాశాడని నీకు ఖాయంగా తెలుసా?"

నోట్‌బుక్కు మళ్లీ వెలుతురుకి పట్టి చూసింది. "తెలియదు. ఉండనియ్ అట్టాగే."

రెండు ప్రతులు బైండింగ్ చేయించి, ఒకటి షాహీన్‌కిచ్చి, గ్రంథాలయం ప్రతి కోసం యాక్సెషన్ రిజిస్టరు తీశాను. వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరిచ్చి రాసుకునే రిజిస్టరు అది. రచయిత గడిలో షేక్ ఖాసిం అని రాశాను. షాహీన్ ఆ గడి మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. ఎక్కడో అచ్చయిన పుస్తకాలే ఎన్నో ఏళ్లుగా ఆ రిజిస్టరులో ఎక్కించాను. మా బల్ల మీద తయారైన పుస్తకం ఇదొక్కటే. ఆరోజు ఇంటికి వెళ్లి మా వాళ్లందరికీ చెప్పుకున్నాను.

రెండు నెలలకి ఒక ముసలాయన వచ్చి ఆ పుస్తకం అడిగాడు. వయసులో ఉండగా ఖాసిం దగ్గర పని నేర్చుకున్నాడట. చదువుతూ చదువుతూ నన్ను పిలిచాడు.

"ఈ చుక్కలేందమ్మా?"

"అక్కడ రాత కనపడలేదు బాబాయ్. స్క్రూడ్రైవరేమో అనుకున్నాం, రాయలేదు."

"మంచిపని చేశారు. ఎండు పత్తికట్టె అది. ఇనుమైతే కరెంటు కొట్టుద్దని కట్టెతోనే వినమనేవాడు."

వెంటనే షాహీన్‌కి ఫోన్ చేశాను. ఐదు నిమిషాల్లో వచ్చింది. ఆయన పక్కన కూర్చుని మిగిలిన ఆరూ చూపించింది. అందులో రెండు ఆయనకి గుర్తున్నాయి. ఆయన చెప్పినవి, ఆయన పేరుతో, వెనక పేజీలో విడిగా రాశాం.

అప్పటినుంచీ యంత్రం టైపు చేసింది ఏదైనా, ఇద్దరం కూర్చుని అసలుతో పోల్చుకోనిదే షెల్ఫులో పెట్టను. పని సగానికి సగం తగ్గించినందుకు దాన్ని మెచ్చుకుంటాను, వాడుతూనే ఉన్నాను. కానీ తెలియనిచోట దాన్ని ఊహించనివ్వను. అక్కడ స్క్రూడ్రైవరని రాసేసి ఉంటే, ఆ ముసలాయన ఏదో పొరపాటనుకుని పేజీ తిప్పేసేవాడు. చుక్కలు కనపడ్డాయి గనకే అడిగాడు.