అల్లుడుగారి సర్వరు

అమలాపురంలో మా ఆఫీసు ఒక చెప్పుల కొట్టు పైన. మనుషులం నలుగురం. పెద్ద క్లౌడు కంపెనీల దగ్గర సర్వర్లు అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల వ్యాపారస్తులకు ఇచ్చి, వాటి బాగోగులు చూస్తాం. సర్వరంటే ఎక్కడో దూరాన ఉండి వాళ్ల లెక్కలూ ఆర్డర్లూ నడిపే కంప్యూటరు. వచ్చిన బిల్లు మీద మాకు ఇంత శాతం. బిల్లు ఎంత పెరిగితే మాకు అంత లాభం. ఈ ఏర్పాటులో ఉన్న చిక్కు నేను చేరిన మొదటి వారమే గమనించాను. నన్నెవరూ అడగలేదు.

మా ఖాతాదారుల్లో పెద్దవారు రాజోలులో కొబ్బరికాయల వ్యాపారి. ఏడాది ఒప్పందం ముగియబోతుండగా ఆయన కబురు చేశారు. బిల్లు తగ్గకపోతే కాకినాడ వాళ్ల దగ్గరికి మారిపోతారట.

మా యజమానురాలు ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన ఆవిడ. "తగ్గిస్తే మన కమీషను పోతుంది. తగ్గించకపోతే ఆయనే పోతారు. ఆయన పోతే మీ జీతాలు నేనివ్వలేను. వెళ్లి మాట్లాడి రా" అన్నారు.

వెళ్లే ముందే చూసుకున్నాను. ఆయనకున్న సర్వర్లు మూడు. ఒకటి లారీలు ఎక్కడున్నాయో చూడటానికి. రెండోది లెక్కలకు. మూడోది అన్నిటికన్నా పెద్దది, అందులో ఏ పనీ జరగడం లేదు. బిల్లులో సగం దానిదే.

వ్యాపారిగారు బొండం చేతికిచ్చి కూర్చోబెట్టారు. మూడోదాన్ని ఆపేస్తే సరిపోతుందని చెప్పాను.

"అది మా అల్లుడుగారు పెట్టించేరండి."

"అందులో ఏమీ లేదండి."

"లేకపోతే మాత్రం ఏమండీ? పెళ్లయిన కొత్తలో ముచ్చటపడి పెట్టించేరు. నేను ఆపించేనని తెలిస్తే మా అమ్మాయి ఫోన్ చేసేది నాకు, మీక్కాదు."

"మరి బిల్లు?"

"ఆయ్, అది తగ్గాలండి."

తిరుగుదారిలో తాటిపాకలో దిగి అల్లుడుగారిని కలిశాను. "అదింకా నడుస్తోందాండీ!" అని ఆయన ఆశ్చర్యపోయారు. కొబ్బరిపీచు ఆన్‌లైన్లో అమ్ముదామని మొదలుపెట్టి, ఆ నెలలోనే మానేశారట.

"అయితే ఆపేయమంటారా?"

"బాబోయ్, నా పేరు మాత్రం చెప్పకండి. మామగారు ఇన్నాళ్లూ బిల్లు కట్టేరు. ఇప్పుడు నేనే వద్దంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టుండదూ? ఆయన ఆపుకుంటే నాకేం అభ్యంతరం లేదండి."

"ఆ మాట ఆయనతో అనొచ్చా?"

"అనకండి."

మర్నాడు కొత్త ఒప్పందం రాశాను. మార్పులు మూడు. వాడుకలో ఉన్న రెండు సర్వర్లనూ ఏడాదికి ఖాయం చేసుకుంటాం, దానికి క్లౌడు కంపెనీ రేటు తగ్గిస్తుంది. మాకు బిల్లు మీద శాతం ఉండదు, నెలకు ఒక స్థిరమైన ఫీజు. రెండు నెలలుగా పనిలేని సర్వరును మేమే ఆపేస్తాం.

యజమానురాలు చదివి, "ఫీజు పాత కమీషనుకన్నా తక్కువుందే" అన్నారు.

"కొంచెం తక్కువేనండి. కానీ బిల్లు ఎంత పడిపోయినా అది పడిపోదు."

ఆవిడ రెండు అంకెలూ కాగితం మీద వేసి చూసుకుని సరే అన్నారు.

వ్యాపారిగారు మూడో మార్పు దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివారు.

"అయితే ఆపేది మీరన్నమాట."

"ఒప్పందంలో ఉంది కాబట్టి ఆపక తప్పదండి."

"అల్లుడుగారు అడిగితే, అమలాపురం వాళ్లు ఒట్టి మొండివాళ్లని చెప్తాను."

"చెప్పండి."

సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే మూడో సర్వరు ఆపేశాను. మామగారూ అడగలేదు, అల్లుడుగారూ అడగలేదు. మా జీతాలూ వచ్చాయి.

కొన్ని నెలలకు వ్యాపారిగారి రెండో అమ్మాయి పెళ్లయింది. తర్వాత ఫోన్ చేశారు.

"కొత్త అల్లుడుగారు ఏదో యాప్ అంటున్నారండి. ఒక సర్వరు పెట్టండి. పెద్దల్లుడుగారి దానికి తగ్గకూడదు."

పాత ఒప్పందమైతే మారుమాట్లాడకుండా పెట్టేసేవాళ్లం. ఇప్పుడు అది పెద్దదైనా మాకొచ్చేది అంతే.

"చిన్నది సరిపోతుందండి" అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు.

"చిన్నదే పెట్టండి. ఆయనకి మాత్రం సైజు చెప్పకండి."

ఒప్పందం ప్రకారం సైజు ఎవరికి చెప్పాలో చూశాను. బిల్లు కట్టేవారికి చెబితే చాలు.