గులాబీ పేలికలు

అక్తరున్నీసాకు భయం కొత్త కాదు. ముత్తుకూరు నుంచి ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరుగా వార్తలు పంపే రోజుల్లోనే బెదిరింపు ఫోన్లు అలవాటైపోయాయి. ఒకసారి ఎవరో స్కూటర్ సీటు బ్లేడుతో కోసిపెట్టారు. దర్జీ కూతురికి కుట్టు ఒక లెక్కా? కుట్టేసుకుని మర్నాడు అదే స్కూటరు మీద వార్తకు వెళ్లింది. ఆ భయం తన ఒక్కదానిదే కాబట్టి ఎలాగో మోసింది.

నెల్లూరు డెస్కులో కూర్చోబెట్టాక బెదిరింపులు తగ్గాయి, రాసే వార్తలూ తగ్గాయి. కాస్త పదునున్న వార్త ఏది ఇచ్చినా, "వాళ్లు మనకు ప్రకటనలిస్తారు కదమ్మా" అని పక్కన పడేసేవారు. షాపుల ప్రారంభోత్సవాలకు శీర్షికలు పెట్టి పెట్టి ప్రాణం విసిగి, ఉద్యోగం మానేసి సొంతంగా మాసపత్రిక పెట్టింది. పేరు 'అలివి'. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడ అలివి అంటారు. పత్రిక చిన్నదే. అయితే అందులో అచ్చయిందంటే నిజమేనని తీరమంతా నమ్మేది. ఆ నమ్మకం తప్ప దానికి వేరే ఆస్తి లేదు.

ఆ పత్రికకే ముత్తుకూరు దగ్గరి జాలరి ముత్యాలయ్య నోరు విప్పాడు. ఒక కరెంటు కంపెనీ కాంట్రాక్టరు లారీలు ఏటి ఒడ్డున బూడిద కుమ్మరించిపోతున్నాయనీ, చేపలు చచ్చి తేలుతున్నాయనీ చెప్పి, చివర్లో ఆమె చేతులు పట్టుకున్నాడు.

"నా పేరు మాత్రం రాయబాకు అక్తరమ్మా. మా పిల్లోడు ఆ కాంట్రాక్టరు కిందే పనిలో ఉండాడు. ముందు నోరెత్తినోడి పడవ ఏమైందో నీకు తెలుసు గదా."

ఆ పడవ తగలబడిపోయింది. అందుకే పేరు రాయలేదు, ఊరు రాయలేదు, మొహం చూపించలేదు. వల బాగుచేసుకుంటున్న చేతులు మాత్రం ముఖచిత్రంగా వేసింది. ఫోటోలో వల మీది గులాబీ రంగు భలే పండిందని మురిసిపోయింది కూడా.

పత్రిక పోస్టులో పడ్డ మర్నాడు, ముత్తుకూరులో టీకొట్టు నడిపే ఓబయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, ముత్యాలయ్య బలే ధైర్యంగా మాట్లాడినాడే!"

"ముత్యాలయ్యని నీకెవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా? బెండ్లకు గులాబీ పేలికలు కట్టేది ఆ ఇంటోళ్లే గదమ్మా."

వల కొట్టుకుపోతే ఎవరిదో తెలియడానికి ముత్యాలయ్య ఉండే జాలర్ల కుప్పంలో ఒక్కో ఇల్లు వలను తేల్చే బెండ్లకు ఒక్కో రంగు పేలికలు కడుతుంది. దొరికినవాడు రంగు చూసి తెచ్చిస్తాడు. ఆ పేలికలు ఎక్కడివి? ఆమె నాన్న కుట్టుకొట్టులో మిగిలిన ముక్కలే. చిన్నప్పుడు నేల మీద కూర్చుని, గులాబీవన్నీ ఏరి ముత్యాలయ్య వాళ్ల నాయనకని మూట కట్టింది తనే. అన్నీ దాచి, ఊరంతా ఎరిగిన గుర్తును మాత్రం అట్ట మీద రంగుల్లో వేసింది. ఇంత చదువూ ఇంత అనుభవమూ ఏ గంగలో కలిసినట్టు?

ముత్యాలయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కూటర్ తీసింది. దారిలో కంపెనీ బండి ఏది ఎదురైనా అటునుంచే వస్తోందా అని వణికింది. దూరంగా పొగ కనబడితే పడవే అనుకుంది. దగ్గరికెళితే ఎవరో చెత్త తగలబెడుతున్నారు.

కుప్పంలో కాంట్రాక్టరు మనిషి సుధాకర్ ముందే దిగి ఉన్నాడు. చేతిలో 'అలివి'. ఆరేసిన వలలన్నీ ఒకటొకటిగా ఎత్తి చూస్తున్నాడు. ముత్యాలయ్య తల వంచుకుని వల అల్లుతున్నాడు. అతని బెండ్లకు ఒక్క పేలికా లేదు. భార్య మస్తానమ్మ పొయ్యి ముందు నుంచి కదలడం లేదు. పొయ్యిలో గుడ్డ కాలిన వాసన.

"రండి మేడమ్," అన్నాడు సుధాకర్. "ఈ రంగు ఎవరిదో ఇక్కడ ఒక్కరికీ తెలియదంట. మీరన్నా చెప్పండి."

తనకోసం ఎన్నడూ ఇంత భయపడలేదు.

"నాది," అంది. "ఆ పేలికలు మా నాయన కొట్టులోవి. పాత వలకు నేనే కట్టి ఫోటో తీయించినా. ఆ మాటలు కూడా నేనే కల్పించి రాసినా. ఎవురూ ఏమీ చెప్పలా."

సుధాకర్ నమ్మాడో లేదో గానీ, చెప్పిన మనిషి దొరకడం కంటే, కల్పించానన్న ఆ మాటే తనకు ఎక్కువ పనికొస్తుందని గ్రహించాడు. "అయితే అదే మీ పత్రికలో వేయండి మేడమ్. లేకపోతే మళ్లీ వస్తాం," అని బండెక్కాడు.

వేసింది. అన్నేళ్లలో ఆమె తెలిసి అచ్చువేసిన అబద్ధం ఆ సవరణ ఒక్కటే. రాస్తుంటే ఏడుపొచ్చింది. చందాదారులు తిట్టి మానేశారు. ఓబయ్య ఫోన్ చేయడమే మానేశాడు. కొన్నాళ్లకు ముత్యాలయ్య ఆమె ఆఫీసుకొచ్చాడు.

"మావోడి పని నిలబడిందమ్మా. పడవా ఉండాది. నీ మేలు మర్చిపోను," అన్నాడు. "మొన్న ఎవరో ఆఫీసరు ఏటికాడికి వస్తే, తెగించి బూడిద చూపించినా. ఏటి గురించి వచ్చిందంతా కల్పితమని పత్రికోళ్లే ఒప్పుకున్నారు గదయ్యా అని, నీ పత్రిక తీసి నాకే చూపించినాడు."