డోర్నకల్ నుంచి ఎర్ర ఫ్లాస్కు

ఆ రోజుల్లో నా వార్తలు రైలెక్కి పోయేవి. పొద్దున సుబేదారిలో ఆఫీసుల చుట్టూ తిరిగి, మధ్యాహ్నం కూర్చుని రాసి, ఆ కాగితాలను కవరులో పెట్టి సాయంత్రానికి వరంగల్ స్టేషన్‌కు తీసుకుపోయేవాణ్ని. డోర్నకల్ వైపు నుంచి వచ్చే ప్యాసింజర్ గార్డు చేతికి ఆ కవరు ఇస్తే, సికింద్రాబాద్‌లో మా పత్రిక మనిషి ఎదురుచూసి అందుకునేవాడు. డెబ్బయిల చివరి సంవత్సరాలవి. ఇంకా బొగ్గు ఇంజన్లే నడిచేవి. బండి కనిపించకముందే దాని వాసన ప్లాట్‌ఫారం మీదికి వచ్చేది.

నేను కవరు ఇచ్చేవాణ్ని, గార్డు నాకు ఒక ఎర్ర ఫ్లాస్కు ఇచ్చేవాడు. అందులో చాయ్ ఉండేది.

"మీ వార్తలు పొద్దుగాల్లకు చల్లారిపోతయి సార్. గీ చాయ్ చూడుండ్రి, డోర్నకల్ల పోసింది ఇంక వేడిగనే ఉన్నది" అనేవాడు గార్డు. ఇంచుమించు రోజూ అదే మాట. నేనూ రోజూ నవ్వేవాణ్ని.

ఆ చాయ్ నాది కాదు. స్టేషన్ రోడ్డులో హోటల్ నడిపే పెద్ద సేటుది. సేటు అని ఊరంతా పిలిచేది గానీ ఆయనకు ఆస్తులేమీ లేవు. తండ్రి పెట్టిన చాయ్ హోటల్, పాలరాతి పలకలు పరిచిన ఆరేడు బల్లలు, గోడలకు పాత అద్దాలు. గల్లా దగ్గర తెల్ల లాల్చీలో ఆయన. ఆ చాయ్ గురించి రాయాలంటే ఇప్పటికీ కష్టమే. పాలు ఒక గిన్నెలో పొద్దుటి నుంచి సన్నని సెగ మీద మరిగి మరిగి లేత గోధుమరంగుకు వచ్చేవి. డికాక్షన్ ఇంకో గిన్నెలో, మూతికి గుడ్డ బిగించి, ఆవిరి బయటికి పోకుండా. రెండూ కప్పులోనే కలిసేవి. మొదటి గుటకలో తీపి, తర్వాత వగరు, గొంతు దిగాక మళ్లీ తీపి. కోర్టు వాయిదాకు వచ్చిన రైతూ, బట్టలు అమ్ముకుని పోయే నేతగాడూ బండికి ఇంకా టైముందని చెప్పుకుంటూ అక్కడే కూర్చునేవారు. బండి తప్పిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ హోటల్ ఒక్కటే అయితే ఈ కథ లేదు. ముందు సుబేదారిలో రెండోది పెట్టారు. ఆఫీసుల గుమస్తాలతో అది మొదటి రోజు నుంచే నిండింది. పెద్ద సేటు రోజూ పొద్దున్నే రిక్షాలో వెళ్లి, అక్కడి చాయ్ ఒక కప్పు తాగి, తల ఊపి తిరిగొచ్చేవాడు. ఆ తర్వాత డోర్నకల్ మాట వచ్చింది. అది జంక్షన్. కొత్తగూడెం గనుల వైపు లైను అక్కడ విడిపోతుంది. డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు, గార్డులు అక్కడ డ్యూటీలు మారతారు. వరంగల్‌లో చాయ్ తాగి వెళ్లిన రైల్వేవాళ్లే తమ దగ్గర కూడా పెట్టమని అడిగారు. తమ్ముడు పోతానన్నాడు.

తమ్ముణ్ని అందరూ చిన్న సేటు అనేవారు. తండ్రి పోయేనాటికి అతనిది నిక్కర్లు వేసుకునే వయసు. అన్నే బడికి పంపాడు, అన్నే పొయ్యి పక్కన నిలబెట్టి చాయ్ పెట్టడం నేర్పాడు, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది కూడా అన్నే. అతను పోతానన్న రోజు నేను అక్కడే ఉన్నాను. పెద్ద సేటు ఒక షరతు పెట్టాడు.

"సుబేదారి నా కండ్ల ముంగట్నే ఉంటది. డోర్నకల్ ఉండది. బోర్డు రాయించి పెడత. ఆడ మన చాయ్ వచ్చిన్నాడు నేనే తెచ్చి కడత. అప్పటిదాంక మన పేరు పెట్టద్దు."

"సరే భాయిజాన్" అన్నాడు తమ్ముడు.

"సరే అనుడు కాదు. రోజు పంపాలె. నేను చూడాలె."

"రోజు పంపుత."

బోర్డు నిజంగానే రాయించాడు. నీలం మీద తెల్లటి అక్షరాలు, పైన హోటల్ పేరు, కింద డోర్నకల్ బ్రాంచి అని. రంగు ఆరాక దాన్ని గల్లా వెనక, ముఖం గోడవైపు తిప్పి నిలబెట్టాడు.

పరీక్ష కూడా పద్ధతిగానే ఉండేది. ఒకే దుకాణంలో రెండు ఫ్లాస్కులు కొన్నాడు, ఎర్రది తమ్ముడికి, నీలంది తనకు. డోర్నకల్‌లో బండి కదిలే వేళకు ఇక్కడ తన చాయ్‌ను నీలం ఫ్లాస్కులో పోయించేవాడు. రెండూ ఒకేపాటి సేపు మూత కింద ఉండాలట, అప్పుడే న్యాయమట. నేను ఎర్ర ఫ్లాస్కు తెచ్చి గల్లా మీద పెట్టగానే రెండు సాసర్లు వచ్చేవి. ముందు తన చాయ్ ఒక గుటక, తర్వాత తమ్ముడిది ఒక గుటక. హోటల్లో మాటలు తగ్గేవి.

"పాలు పల్చగున్నయి" అనేవాడు ఒకరోజు. "ఆకు ఎక్కువ ఉడికింది" ఇంకోరోజు. "నీళ్లల్ల జర ఉప్పున్నది." ఏమీ దొరకని రోజు, "ఇంక రాలే" అని ఊరుకునేవాడు. ఆ మాట నేను మర్నాడు గార్డుకు చెప్పేవాణ్ని, గార్డు డోర్నకల్‌లో చెప్పేవాడు. చిన్న సేటు పాలవాణ్ని మార్చాడు, బావి మార్చాడు, వరంగల్ నుంచే ఆకు తెప్పించుకున్నాడు. ఖాళీ ఫ్లాస్కు పొద్దుటి బండిలో వెనక్కి పోయేది, సాయంత్రం నిండి వచ్చేది.

రోజూ వచ్చే నేతపని పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఒకనాడు ఆయన రెండు సాసర్లూ తన ముందుకు లాక్కుని తాగి చూశాడు.

"సేటూ, నాకైతే రెండు ఒక్కతీర్గనే ఉన్నయి."

"నీకు పోగుల తేడా తెలుస్తది. చాయ్ల తేడా నాకు తెలుస్తది" అన్నాడు పెద్ద సేటు.

"తేడా చాయ్ల లేదు. నీ నాలికె మీద ఉన్నది. అది పాస్ చేస్తె ఫ్లాస్కు బందైతదని భయపడుతాంది."

అందరూ నవ్వారు. పెద్ద సేటు నవ్వలేదు, కోప్పడలేదు కూడా. రెండు ఫ్లాస్కులకూ మూతలు బిగించి పక్కన పెట్టాడు.

వానాకాలం పోయి చలికాలం వచ్చినా బోర్డు గోడవైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మధ్యే మరిపెడ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. రోడ్డు పక్కన తన జాగా ఉన్నదనీ, లారీలు ఆగే చోటనీ, అక్కడ కూడా ఒక హోటల్ పెట్టమనీ అడిగాడు. పెద్ద సేటు శ్రద్ధగా విని, "మీ ఊరికి రైలున్నదా?" అన్నాడు.

"రైలు లేదు సేటూ. బస్సులున్నయి."

"మరి చాయ్ ఎట్లొస్తది?"

ఆ వ్యాపారికి ఏమీ అర్థం కాలేదు. మర్యాదగా లేచి వెళ్లిపోయాడు.

డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్లకు నీళ్లు రావడం లేదని రాయడానికి ఒకసారి నేనే పోవలసి వచ్చింది. పని అయ్యాక హోటల్ ఎక్కడని స్టేషన్ బయట అడిగితే, "బోర్డులేని హోటలా? గదే" అని చూపించారు. ఊళ్లో దాని పేరే అదైపోయింది.

లోపల చోటు లేదు. బయట కూడా మనుషులు నిలబడి తాగుతున్నారు. మసి చేతుల ఫైర్‌మన్‌లు, నెత్తిన రుమాలు కట్టుకున్న హమాలీలు. కప్పులూ సాసర్లూ లేవు, పొడుగాటి గాజు గ్లాసులు. నా చేతికి ఒకటి వచ్చింది. ముదురు రంగు, పొగలు, అల్లం ఘాటు, ఇంత చక్కెర. మా స్టేషన్ రోడ్డు చాయ్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. అయినా గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకొకటి అడిగాను.

చిన్న సేటు నన్ను చూసి గబగబా వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. ముందు అన్న గురించే అడిగాడు. దగ్గు తగ్గిందా, రాత్రి పెందలాడే ఇంటికి పోతున్నాడా, సుబేదారికి ఇంకా రిక్షాలోనే పోతున్నాడా అని. నేను గ్లాసు వైపు చూస్తుంటే నవ్వాడు.

"మొదాలు కప్పులల్లనే ఇచ్చిన అన్నా. తిట్టిండ్రు. ఇంజన్ దిగినోనికి నాలుగు గుటకల చాయ్ ఏం ఆనుతది? అల్లం ఏయమన్నది వాళ్లే."

"మరి ఫ్లాస్కులో వచ్చేది?"

అతను నన్ను లోపలికి తీసుకుపోయాడు. పెద్ద పొయ్యి వెనక ఒక చిన్న బొగ్గుల కుంపటి, దాని మీద వరంగల్ నుంచి తెచ్చుకున్న చిన్న గిన్నె. పాలు సన్నగా మరుగుతున్నాయి, లేత గోధుమరంగులో. పక్కనే గుడ్డ బిగించిన డికాక్షన్. ఆ వాసనకు నేను క్షణంలో స్టేషన్ రోడ్డులో ఉన్నాను.

"ఇది భాయిజాన్ కోసం. పొద్దటి నుంచి మరుగుతది. ఈడ ఇంకెవ్వలు తాగరు. ఫ్లాస్కుల పోసినంక మిగిలింది నేను తాగుత. ఇల్లు యాదికొస్తది" అన్నాడు.

"ఇది అచ్చం ఆ చాయే కదా."

"నాకెరికే."

"మరి ఆయన..."

"గదీ నాకెరికే అన్నా." అతను ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడ్డాడు. "బోర్డు లేకున్న హోటల్ నడుస్తది. నాకు బోర్డు గాదు. ఆయిన ఒక్కసారి వచ్చి చూడాలె. ఇంతమంది తాగుతాండ్రు, ఆయిన చూడలే. గల్లా ఇడిచి రాడు. వచ్చుటానికి ఆయినకు బోర్డు తప్ప వేరే సాకు లేదు."

బండి వచ్చే వేళ అవుతోంది. అతను చిన్న గిన్నె వైపు చూశాడు, పెద్ద గిన్నె వైపు చూశాడు.

"గిదే పంపితే ఏమైతది?"

"తిడతాడు" అన్నాను.

"తిట్టనియ్యి. తిట్టక శాన రోజులైంది."

పెద్ద గిన్నెలోంచి, అల్లంతో సహా, ఫ్లాస్కు నిండా పోశాడు.

ఆ సాయంత్రం గార్డు చేతి నుంచి కాకుండా నా ఒళ్లోనే ఎర్ర ఫ్లాస్కు వరంగల్ చేరింది. పెద్ద సేటు ఎప్పటిలాగే రెండు సాసర్లు పెట్టించాడు. తనది ఒక గుటక తాగి, ఎర్ర ఫ్లాస్కు మూత తీశాడు. వాసనకే చెయ్యి ఆగింది. పోసుకుని తాగాడు.

"అల్లం ఏసిండు."

"అవును."

"గ్లాసులల్ల ఇస్తాండా?"

నేను చెప్పకుండానే ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. "అవును. మనుషులు బయట నిలబడి తాగుతున్నారు" అన్నాను.

"ఎంతమంది?"

"చోటు లేదు."

"మనిషి ఎట్లున్నడు?"

"నల్లబడ్డాడు. మీ దగ్గు గురించి అడిగాడు. మీరు ఒకసారి వస్తే చూడాలని ఉంది అతనికి."

ఆయన సాసర్ ఖాళీ చేశాడు. "ఇది మన చాయ్ కాదు" అన్నాడు. అని, సాసర్ మళ్లీ ఫ్లాస్కు వైపు జరిపాడు. ఎప్పుడూ ఒక గుటకతో పక్కన పెట్టే మనిషి ఆ రోజు అడుగు వరకు తాగాడు. నీలం ఫ్లాస్కులో మిగిలినదాన్ని ముట్టలేదు.

మర్నాడు పొద్దున గల్లా దగ్గర సుబేదారి హోటల్ చూసుకునే ఆయన అల్లుడు కూర్చుని ఉన్నాడు. గల్లా వెనక గోడ బోసిగా ఉంది. పెద్ద సేటు బోర్డుకు దుప్పటి చుట్టి పొద్దుటి బండి ఎక్కాడని చెప్పాడు.

సాయంత్రం నేను కవరు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. బండి ఆగింది. గార్డు కవరు తీసుకుని ఖాళీ చేతులు చూపించాడు. వెనక పెట్టెలోంచి పెద్ద సేటు దిగాడు. లాల్చీకి గోడ సున్నం అంటుకుని ఉంది.

"చాయ్ ఏది సేటూ?" అన్నాడు గార్డు.

"ఇగ రాదు సాబ్. పాస్ అయిండు."

ఇద్దరం నడుచుకుంటూ హోటల్ దాకా వచ్చాం. దారిలో ఆయనే చెప్పాడు. తాను స్టూలు ఎక్కి మేకులు కొట్టాడట, తమ్ముడు స్టూలు పట్టుకున్నాడట. "చిన్నప్పుడు వాడు అద్దాలు తుడువ ఎక్కితే నేను పట్టుకుంటుంటి. ఇయ్యాల వాడు పట్టుకున్నడు" అన్నాడు. తర్వాత, "గ్లాసులల్ల తాగినా బాగనే ఉన్నది" అన్నాడు. కాసేపటికి, "కని చక్కెర ఎక్కువ" అన్నాడు.

ఆ తర్వాత కూడా నేను రోజూ కవరు ఇచ్చి నేరుగా హోటల్‌కే వచ్చేవాణ్ని. గార్డు తన పాత పరిహాసం మానేశాడు, ఇక దేనితో పోల్చి చెబుతాడు? స్టేషన్ మెట్లు దిగుతుంటే నా కుడిచెయ్యి తేలిగ్గా, ఏదో మరిచిపోయినట్టు ఉండేది. నేను లోపలికి రాగానే పెద్ద సేటు ముందు నా చేతివైపు చూసేవాడు. తర్వాత నా ముఖం చూసి "కూసో తమ్మీ" అనేవాడు. నీలం ఫ్లాస్కు అలమారాలో ఒంటరిగా ఉండేది. ఆ బండి డోర్నకల్‌లో కదిలే వేళకు అలవాటు కొద్దీ దాన్ని ఒకటి రెండుసార్లు దించబోయి ఆగడం నేను చూశాను.

డోర్నకల్ హోటల్ బాగా నడుస్తోందని గార్డు చెప్పేవాడు. బోర్డు పడ్డాక కూడా జనం దాన్ని బోర్డులేని హోటల్ అనే అంటున్నారట.

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం నేను చాయ్ తాగి లేస్తుంటే పెద్ద సేటు పిలిచాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, వ్యాపారం మాట మాట్లాడుతున్నట్టుగా అన్నాడు.

"ఎండకాలం గదా తమ్మీ. బావులల్ల నీళ్లు అడుక్కు పోతయి. రుచి మారుతది. రేపు గార్డు సాబ్‌కు జర చెప్పు. ఒకసారి పంపుమను, చూద్దాం."

"ఏది పంపమనాలి? అల్లందా, మనదా?"

ఆయన గల్లా మూత వేసి, దాని మీద చేతులు ఆనించి ఆలోచించాడు.

"చిన్న గిన్నెది పంపుమను."

చిన్న గిన్నె సంగతి నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. మర్నాడు గార్డుకు కబురు చెప్పాను. ఆ మరుసటి సాయంత్రం పొగ వాసన తగలగానే నేను ప్లాట్‌ఫారం చివరికి నడిచాను. బండి ఇంకా ఆగకముందే గార్డు డబ్బా తలుపులో ఎర్ర ఫ్లాస్కు కనిపించింది.