తాత ఉయ్యాలకు స్ప్రింగులు

మా తాతకు తాతను నగర్తపేటలో జరీ దొర అనేవారు. రాజుగారి అరమనెకు జరీ పంచెలు పంపినవాడు. ఆయన కొడుకు, అంటే మా తాత తండ్రి, గుర్రపుబండి దిగకుండానే చిక్కపేటలో బేరం ముగించేవాడు. అంగడివాళ్లే బట్టల తానులు మోసుకొని బండి దగ్గరికి వచ్చేవారు. మా తాత మా వాళ్ల సంఘానికి యజమాని, అంటే అందరికీ పెద్ద. ఆ రోజుల్లో, నాకు ఊరి చివర ఆఫీసుల హూడిలో మొదటి ఉద్యోగం దొరికిన రోజుల్లో, ఆ వైభవంలో మాకు మిగిలింది ఒక పాత మిద్దె ఇల్లు, దాని హాలులో ఇత్తడి గొలుసుల టేకు ఉయ్యాల, ఇంకా మా నిటారు వీపులు. వీపులు ఇప్పటికీ వంగలేదు. (డాక్టరు దానికి వేరే పేరు చెప్పాడు. ఆయనది ఏ కుటుంబమో నాకు తెలియదు.)

ఇంటి కింది భాగంలో స్టీలు పళ్లేలు ఒత్తే ప్రెస్సు మిషను నడిచేది. ఆ ప్రెస్సాయన ఇచ్చే బాడుగతోనే పైన మా పొయ్యి వెలిగేది. కానీ బాడుగ అనే మాట మా ఇంట్లో నిషిద్ధం. "పాపం, ఉండనిచ్చినాము" అనేవారు తాత. మిషను ధన్‌మని పడినప్పుడల్లా వణుకు గోడల్లోంచి దూలాల్లోకి, దూలాల్లోంచి ఉయ్యాల గొలుసుల్లోకి పాకేది. ఉయ్యాల మీద కూర్చున్న మనిషికి పళ్లు టకటకలాడేవి. అందుకే తాత దవడలు బిగించి కూర్చునేవారు. వచ్చినవాళ్లు దాన్ని గాంభీర్యం అనుకునేవారు.

ఆ ఏడు ఆ వణుకు మా పరువు మీదికి వచ్చింది. ఏటా జాతరకు ముందు సంఘం పెద్దలు యజమాని ఇంటికి వస్తారు. వాళ్లలో వయసులో పెద్దాయన యజమాని పక్కన ఉయ్యాల మీద కూర్చుంటాడు. ఇద్దరూ కలిసి తాంబూలం పంచితే పెద్దరికం మరో ఏడాది ఆ ఇంట్లోనే ఉన్నట్టు. ఈసారి అలా కూర్చోవలసినవాడు తాతకు వరసకు తమ్ముడు. (కొత్తగా కల్యాణమంటపం కట్టి ఏసీ పెట్టించాడు కాబట్టి మేము ఆయన్ని మంటపం తాత అనేవాళ్లం.) "అన్న ఇల్లు అదురుతా ఉండాది, ముసిలోళ్లకు కష్టము. సభ మన మంటపంలోనే పెట్టుకుందాము" అని ఆయన ఇంటింటికీ చెప్పి వస్తున్నాడని మాకు తెలిసింది.

తాత నన్ను పిలిపించారు.

"హూడిలో నువ్వు చేసేది ఏమి పనిరా?"

"భవనాల్లో కంపనం తగ్గించే పని, తాతా."

"అయితే మన ఇంట్లో తగ్గించు."

హూడిలో మేము చేసేది ఏమిటంటే, పై అంతస్తు జిమ్ములో ఎవరో బరువులు పడేస్తే కింది అంతస్తు మీటింగులో కాఫీ వణకకుండా చూడటం. (అంతంత జీతాలిచ్చి మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ల కాఫీ ఒలకకుండా మళ్లీ మమ్మల్ని పెట్టుకున్నారు.) మా మేనేజరు నేర్పిన పాఠం తాతకు ఒప్పజెప్పాను. ముందు అదిరే వస్తువును పట్టుకోవాలి. అది కుదరకపోతే అదురు నడిచే దారిని తెంచాలి. అదీ కుదరకపోతే అదురు తగిలేవాణ్ణి కాపాడాలి. "మిషను కింద రబ్బరు దిమ్మెలు పెడితే చాలు. లేకుంటే ఆ గంటసేపు ఆపమని ఒక్క మాట చెప్పినా సరిపోతుంది" అన్నాను.

"నేను కిందికి దిగి వాణ్ణి అడగాల్నా? మా నాయన బండే దిగలేదు" అన్నారు తాత. దాంతో మొదటి పద్ధతి ముగిసింది. రెండోదానికి గోడలు కొయ్యాలి. ఇక మిగిలింది తాతను కాపాడటం.

దూలం కొక్కేలకూ గొలుసులకూ మధ్య గట్టి స్ప్రింగులు బిగించాను. స్ప్రింగుకు మీద పడే బరువును బట్టి తనదైన ఊపు ఒకటి ఉంటుంది; బరువు తగ్గితే అది వేగమవుతుంది. కింది దెబ్బల కంటే ఆ ఊపు బాగా నెమ్మదిగా ఉంటే వణుకు పైకి రాదు. రెండూ ఒకే వేగానికి వస్తే మాత్రం, ఊగే పిల్లను సరైన సమయంలో తోసినట్టు, ప్రతి దెబ్బా ఊపును పెంచుతుంది. ఉయ్యాల మీద ఇద్దరు కూర్చోవడం మా ఆనవాయితీ కాబట్టి ఇద్దరి బరువుకే లెక్క కట్టాను. తాతా నేనూ పక్కపక్కన కూర్చొని చూశాం. కింద మిషను పడుతూనే ఉంది, పైన ఏమీ తెలియలేదు. "వెన్న మీద కూర్చున్నట్టు ఉండాదిరా" అన్నారు తాత.

పెద్దలు వచ్చారు. మంటపం తాత ఉయ్యాలను ఒకసారి చూసి, "నడుము నొప్పన్నా, నేను కుర్చీలోనే కూర్చుంటా" అని ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాడు. (నడుము నొప్పి మనిషి మా మెట్లు అంత చురుగ్గా ఎలా ఎక్కాడో ఎవరూ అడగలేదు.) మిగతావాళ్లు నేల చూపులు చూశారు. అంతా ముందే మాట్లాడుకొని వచ్చారు. తాత ఉయ్యాల మీద ఒక్కరే కూర్చున్నారు. సగం బరువు. స్ప్రింగుల ఊపు సరిగ్గా ప్రెస్సు వేగానికి పెరిగిందని నాకు తెలిసేలోపు కింద మిషను మొదలైంది.

మొదట తాత తల ఊపుతున్నట్టు కనిపించింది. తరువాత మనిషే లేస్తూ పడుతూ ఉన్నారు. తాంబూలం తట్టలోంచి వక్కలు ఎగిరి పెద్దల ఒళ్లో పడ్డాయి. వీపు మాత్రం నిటారుగానే ఉంది, గతుకుల రోడ్డు మీద లారీలో ఊరేగే విగ్రహంలా.

"ఏమన్నా, గుర్రపుబండి మళ్లా కొంటివా?" అన్నాడు మంటపం తాత.

"ఇది ఇంజినీరింగు. నీకు తెలీదు, సుమ్మనుండు" అన్నారు తాత, పైకి పోతూ సగం, కిందికి వస్తూ సగం.

పెద్దలు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వంటింటి గుమ్మం దగ్గర నుంచి మా అవ్వ, "ఆ తట్టన్నా నా చేతికిచ్చి ఎగరండి" అంది.

నేను కిందికి పరుగెత్తాను. ప్రెస్సాయన వెంటనే మిషను ఆపాడు. "ఏమప్పా, పొద్దున్నే ఒక మాట చెప్పింటే ఆపేస్తా ఉంటిని గదా. మీ ఇంట్లో మంచి పనని నాకేమి తెలుసు?" అన్నాడు. నేను పైకి వచ్చేసరికి సభ మంటపానికి పోవాలని తేలిపోయింది. పెద్దరికమూ దాని వెంటే పోయింది.

మరునాడు మా మేనేజరు అంతా విని, "డ్యాంపర్ వెయ్యలేదా?" అన్నాడు. (మోటారు సైకిలుకు ఉండే షాక్ అబ్సార్బర్ లాంటిది. ఊపును మింగేస్తుంది.)

"లెక్క ఇద్దరికి కట్టాను సార్."

"ఒకరే కూర్చుంటే?"

"మా ఇళ్లలో అలా కూర్చోరు సార్."

"నిన్న కూర్చున్నారు కదప్పా."

నా లెక్క తప్పు కాదని ఇప్పటికీ అంటాను. తప్పింది వాళ్ల మర్యాద. అయినా ఈరోజు ఏ భవనానికి లెక్క కట్టినా, రావలసిన మనిషి రాకపోతే ఏమవుతుందో ముందు చూసుకుంటాను. ఆ సాయంత్రం తాతను, ఉయ్యాల ఎందుకు దిగలేదని అడిగాను. ఆయన వక్క కొరుకుతూ, "దిగితే నీ పని చెడిందంటారు గదరా" అన్నారు. ఇప్పుడు హూడిలో స్ప్రింగుల పక్కన డ్యాంపర్లు బిగిస్తుంటే ఒకప్పుడు నేనే అయిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. దూలానికి వేలాడి స్ప్రింగులు బిగిస్తూ కూడా వీపు వంచని కుర్రాడు.

తాత పోయాక ఇల్లు ప్రెస్సాయనకే అమ్మాం. ఉయ్యాల పలకను హూడిలో ఒక కాఫీ హోటలువాళ్లు బల్ల కోసం కొన్నారు. ఇత్తడి గొలుసులు చిక్కపేటలో తూకానికి పోయాయి. స్ప్రింగులను ఎవరూ అడగలేదు.