ముచిందు ముందు నడిచిన మనిషి

మా జాంబేజీ లోయలో అడవి గిన్నీకోళ్ళ జాడ తీయడంలో ముచిందు తర్వాతే ఎవరైనా. ఇసుకలో అడుగులను బట్టి మంద ఎంతదో, నీళ్ళకు పోతోందో, చెట్టెక్కడానికి మళ్ళిందో చెప్పేవాడు. ఆ దారిలో ఉచ్చులు పెడితే తెల్లారేసరికి రెండైనా పడేవి. కొన్నాళ్ళుగా ఆయన ముందు ఎప్పుడూ భార్య బీంజు నడిచేది, కట్టెలకని. వేటగాడి ముందు ఆడమనిషి నడవడమేమిటని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

వానలకు ముందు బీంజు జ్వరంతో పోయింది.

మా వంశానికీ ముచిందు వంశానికీ మేలమాడే వరస. చావింట్లో ఏడ్చేవాళ్ళను ఆటపట్టించి నవ్వించడం మా వంతు, అనకపోతేనే తప్పు. నాలుగో రోజు ఆయన గోడకానుకుని కూర్చుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏం ముచిందూ, బీంజుతోపాటు నీ కళ్ళు కూడా పాతిపెట్టారా? వచ్చే చుట్టాలకు కోళ్ళెవరు పట్టాలి, నీ ముక్కా?"

అందరూ నవ్వారు. ఒకటంటే రెండు తిప్పికొట్టే మనిషి తల దించుకున్నాడు. "తెస్తాలే" అన్నాడంతే.

ఆ మాట అనుండకూడదనిపించింది. మర్నాడు ఆయన ఉచ్చులు తీసుకుని బయల్దేరితే, కట్టెల నెపంతో నేనూ వెనకాలే వెళ్ళాను.

ఎండిన ఏటి ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు. వేళ్ళతో నేలను తడుముతున్నాడు. వేలు తగిలిన చోటల్లా కోడి అడుగు చెరిగిపోతోంది.

నా కాలికింద పుల్ల విరిగింది.

"ఎవరది, లూంబా తల్లేనా?"

"నేనే. ఎన్నాళ్ళయింది చూపు పోయి?"

"రెండు వానాకాలాలు. ముందు అదే నడిచేది కదా. చూసింది చూసినట్టు చెప్పేది."

"నేను చెప్తాలే. ఇదిగో, అడుగులు గట్టువైపు పోతున్నాయి."

"అంచులు పదునుగా ఉన్నాయా, ఇసుక రాలిందా?"

"అడుగు అడుగులాగే ఉంది."

సన్నగా నవ్వాడు. "ఇవాళ్టివో నిన్నటివో తెలీకుండా ఉచ్చెక్కడ పెట్టను? బీంజు అయితే అడుగు మీద చీమ దాటిందో లేదో కూడా చెప్పేది."

అయినా నా మాట మీదే పెట్టాడు. మర్నాడు ఇద్దరం వెళ్ళి చూస్తే ఒక్క ఈక లేదు. గట్టు అవతల మంద అరుస్తోంది. ఆయన అటు ముఖం తిప్పి విన్నాడు. తర్వాత ఉచ్చుల తాళ్ళు ఒక్కొక్కటే విప్పి నా కట్టెల మోపుకు కట్టాడు.

చుట్టాలు ఎండుచేపలతో తిని వెళ్ళారు. ముచిందుకు మోకాళ్ళు పట్టేశాయని ఊరంతా నేనే చెప్పాను. ఏ కబురూ నా నోట్లో ఆగదని పేరు, ఇది మాత్రం ఆగింది. ఆయన ఎదురైతే మేలమాడటం కూడా మానేశాను.

నెల తిరక్కుండానే కర్ర ఊనుకుంటూ నా వాకిట్లోకి వచ్చాడు.

"ఎందుకు మానేశావ్?"

"నోరు రావట్లేదు."

"నువ్వు మానేస్తే ఎందుకా అని జనం ఆలోచిస్తారు. గుడ్డోడా అని గట్టిగా అను. నువ్వు రోజూ అంటుంటే మేలమే అనుకుంటారు, ఎవరూ నమ్మరు."

మర్నాడు బోరింగు దగ్గర పదిమందిలో అన్నాను. "ఏం గుడ్డోడా, దారి కనిపిస్తోందా?"

"నీ ముఖం కనపడట్లేదు, అదే పదివేలు" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు.

మళ్ళీ వానలొచ్చి ఆయన పోయేదాకా రోజూ అలాగే అన్నాను.