కడిగిన పలకలు

మొన్న శంషాబాద్ మార్కెట్లో చేపలామె బుట్ట మీది తడి గోనె తీసేసరికి ఉప్పునీటి వాసన గుప్పుమంది. కొనడానికి వెళ్లినదాన్ని కొనకుండానే వచ్చేశాను. సముద్రం ఎరగని ఈ ఊళ్లో ఆ వాసనను నాకు పరిచయం చేసింది సరోజిని గారు, నా మొదటి ఉద్యోగంలో పై అధికారి.

కొత్త విమానాశ్రయం వచ్చిన తొలి రోజులవి. కార్గోకు దగ్గరని ఇక్కడ ఒక ఇల్లు అద్దెకు తీసుకుని చిన్న ప్రయోగశాల పెట్టారు. ఆమెది కోస్తాలో ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఊరు. ఓడల అడుగున అంటుకుని పరదేశపు జీవులు కూడా మన రేవుల్లో దిగుతాయి. ఆమె భయమంతా గోటంత ఉండే ఒక నల్లచారల ఆల్చిప్ప గురించే. అది పాతుకుపోతే ఏటిలోని గుల్లలకు ఊపిరాడదు. ఆ గుల్లలు ఏరుకుని బతికే ఊరు ఆమెది. అందుకే ఏ జీవులు వచ్చి అంటుకుంటాయో చూడటానికి ఏటిలో పలకలు వేలాడదీయించి, నెలకోసారి తడిగుడ్డలో చుట్టి విమానంలో తెప్పించుకునేవారు. మొదట్లోనే పట్టుకుంటే ఏరి పారెయ్యొచ్చు, ఆలస్యమైతే ఎవరి తరమూ కాదు అనేవారు.

పలక మీద వెతికేది కనిపించక నేను విసుక్కునేదాన్ని. "ఏమీ లేదని రాయడానికి కూడా అంతసేపూ చూడాలమ్మా," అంటూ భూతద్దం నా ముందుకు జరిపేవారు. తిట్టి ఉంటే మానేసేదాన్నేమో. అలా జరిపినందుకే పని నేర్చుకున్నాను.

ఆ మధ్య పాత డ్రైవర్ మానేసి యాదయ్య చేరాడు. బుద్వేల్ వైపు మనిషి, పెద్దవాడు, శుభ్రమంటే ప్రాణం. అతను వచ్చాక నెలల తరబడి పలకల మీద సున్నపు బొడిపెల్లాంటి మామూలు జీవులే కనిపించాయి. ఆమె సంబరపడి ప్రతిసారీ ఊరికి ఫోన్ చేసి, ఏమీ లేదు, భయం లేదు అని చెప్పేవారు.

ఒకసారి కార్గోకు నేనూ వెళ్లాను. తిరిగొస్తూ యాదయ్య దారిలో కుళాయి దగ్గర వ్యాన్ ఆపాడు. పెట్టె దించి, కొబ్బరిపీచుతో పలకలు తోమసాగాడు.

"ఏంది కాకా, ఏం చేస్తున్నవ్?"

"కంపు కొడుతున్నయ్ బిడ్డా. మేడం ముంగట గిట్లనే పెడితే బాగుంటదా? ఎప్పుడూ జర కడిగే తెస్త."

బొడిపెలు గట్టివి, అవి కదలలేదు. నల్లచారల చిప్పలు మాత్రం ఊడి మోరీలోకి కొట్టుకుపోతున్నాయి.

తిరిగొచ్చి సరోజిని గారికి విషయం చెప్పాను. "నాకెవ్వరు చెప్పలే మేడం," అన్నాడు యాదయ్య.

"నిజమే. చెప్పాల్సింది నేను," అన్నారామె. అతని మీద నాకు ఒళ్లు మండిపోతుంటే, ఆమె అతనికి టీ తెప్పించారు. పైవాళ్లకు కూడా తప్పు తనదేనని రాశారు.

వెంటనే ఆమె, నేను ఏటికి వెళ్లాం. గుంజలు, రాళ్లు, పడవల అడుగులు, ఎక్కడ చెయ్యి పెట్టినా ఆ చిప్పలే. వాటి కింద గుల్లలు నోళ్లు తెరుచుకుని చచ్చిపడి ఉన్నాయి. ఖాళీ బుట్టతో ఒడ్డున నిలబడ్డ సరోజిని గారి పిన్ని, "ఏమీ లేదన్నావు కదమ్మా సరోజా?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, అర్థంకాక అడిగింది. సరోజిని గారు ఆ బురదలోనే కూలబడ్డారు.

తర్వాత ప్రయోగశాల మూతపడింది. ఊరికి మొహం చూపించలేక ఆమె బడంగ్‌పేట్‌లో ఉండి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నారు. నేను వెళ్తే అన్నం పెట్టేవారు, ఏటి మాట ఎత్తనిచ్చేవారు కాదు.

ఇప్పుడు నేను మరోచోట పని నేర్పుతున్నాను. డ్రైవరైనా, ఊడ్చే మనిషైనా, చేరిన రోజే కూర్చోబెట్టి ఏ పని ఎందుకో చెబుతాను. మంచి అలవాటని అందరూ మెచ్చుకుంటారు. ఆ ఏటిలో గుల్లలు మాత్రం మళ్లీ రాలేదు.